ఉద్యోగానికి ఏ నగరం వెళ్లాలి?

ఇంజనీరింగ్ చివరి సంవత్సరం వచ్చేసరికి మన ఇళ్లలో ఒక ప్రశ్న మొదలవుతుంది: "హైదరాబాదా, బెంగళూరా?" చాలాసార్లు జవాబు కూడా సిద్ధంగానే ఉంటుంది. బాబాయి గారి అబ్బాయి ఏ ఊళ్లో ఉంటే ఆ ఊరికే పంపిస్తారు. చదువు కోసం అప్పు చేసిన కుటుంబానికి ఇది చిన్న నిర్ణయం కాదు. కనుక ప్రియ యౌవనస్థులారా, తల్లిదండ్రులారా, కాస్త నిదానంగా ఆలోచిద్దాం.

మొదట పనిని చూడండి, తరువాత ఊరిని చూడండి. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ 1985లో బెంగళూరుకు వచ్చిన నాటి నుంచి చిప్ డిజైన్ పని అక్కడ వేళ్లూనుకుంది. స్టార్టప్ కంపెనీలు కూడా అక్కడ ఎక్కువ. హైదరాబాద్‌లో మైక్రోసాఫ్ట్ తన అభివృద్ధి కేంద్రాన్ని 1998లో ప్రారంభించింది. అదే ఏడు సైబర్ టవర్స్ తెరుచుకుంది. అప్పటి నుంచి పెద్ద కంపెనీల కార్యాలయాలు ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. చెన్నైలో జోహో, ఫ్రెష్‌వర్క్స్ వంటి సాఫ్ట్‌వేర్ ఉత్పత్తుల సంస్థలు పెరిగాయి. మీరు నేర్చుకున్న పనికి ఎక్కడ గిరాకీ ఉందో అదే మీ మొదటి గుర్తు.

రెండవది, మొదటి ఉద్యోగంతోపాటు రెండో ఉద్యోగాన్ని కూడా ఊహించుకోండి. కంపెనీ మనుషులను తీసేస్తే, ఇల్లు మారకుండా అదే ఊళ్లో మరో చోట చేరగలరా? ఒకే కంపెనీని నమ్ముకొని వెళ్లే ఊరు కష్టకాలంలో ఇరుకైపోతుంది. విశాఖపట్నంలో గూగుల్ భారీ ఏఐ కేంద్రం పెడుతున్నట్టు 2025 అక్టోబరులో ప్రకటించింది. సంతోషమే. అయితే డేటా సెంటర్ పెట్టుబడి ఎంత పెద్దదైనా, అందులో నేరుగా పనిచేసేవారు కొద్దిమందే. పెట్టుబడి అంకె చూసి ఉద్యోగాలను లెక్కించకూడదు.

మూడవది డబ్బు. ఆఫర్ లెటర్‌లోని సీటీసీ మీ జీతం కాదు. అందులో కంపెనీ కట్టే పీఎఫ్, గ్రాట్యుటీ, పనితీరును బట్టి ఇచ్చే మొత్తం కలిసి ఉంటాయి. నెలనెలా చేతికి ఎంత వస్తుందో హెచ్‌ఆర్ వారిని అడగండి. అడగడం తప్పు కాదు. తరువాత ఇంటి అడ్వాన్సు. హైదరాబాద్‌లో సాధారణంగా రెండు నెలల అద్దె అడుగుతారు. బెంగళూరులో అయిదారు నెలల నుంచి పది నెలల వరకు అడిగే అలవాటు ఉంది. అద్దె 20,000 అనుకుంటే ఇక్కడ 40,000 చాలు, అక్కడ 2,00,000 కావలసి రావచ్చు. జీతం ఇంకా అందని కుర్రవాడికి ఆ డబ్బు ఎవరిస్తారు? మళ్లీ అప్పే. అందుకే మొదటి ఆరు నెలలు పీజీ హాస్టల్‌లో ఉండడం మేలు.

నాలుగవది దూరం. ఎల్.బి.నగర్‌లో బంధువుల ఇల్లు, గచ్చిబౌలిలో ఆఫీసు అనుకోండి. మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, రాయదుర్గంలో దిగి, అక్కడి నుంచి మరో బండి ఎక్కాలి. ఇలా రోజూ గంటలు పోతే కొత్త విషయం నేర్చుకునే సమయం ఎక్కడిది? అద్దె మిగిలిందనుకుంటాం గాని వయసు ఖర్చవుతుంది.

చివరిగా మనుషులు. జ్వరం వస్తే గంజి కాచి ఇచ్చేవారు, ఆదివారం ఆరాధనలో పేరుపెట్టి పలకరించేవారు ఆ ఊళ్లో ఉన్నారా? లేకపోతే వెళ్లిన మొదటి నెలలోనే వెతుక్కోండి. ఒంటరితనం వల్ల మంచి ఉద్యోగం వదిలి వచ్చిన బిడ్డలున్నారు.

తల్లిదండ్రులకు ఒక మాట. ఊరు దగ్గరగా ఉండాలన్న మీ కోరిక సహజమే. కానీ మొదటి మూడేళ్లలో నేర్చుకున్న పనే తరువాతి జీవితానికి పునాది. బిడ్డను కూర్చోబెట్టి ఈ అయిదు విషయాలను ఒక కాగితంపై రాయించండి. లెక్క తేలాక, నిర్ణయం వారినే తీసుకోనివ్వండి. అది పొరపాటని తేలితే తిరిగి రావడానికి ఇంటి తలుపు తెరిచే ఉందని కూడా చెప్పండి.