మునేటి గోరింక, రీయూనియన్ గోరింక

నందిగామ దగ్గర మునేటి ఒడ్డు పొలాల్లోను, జగ్గయ్యపేట మెట్టలోని పత్తి, మిరప చేలలోను, దుక్కి దున్నే ట్రాక్టరు వెనకో, మేసే గేదెల కాళ్ళ దగ్గరో పురుగులేరుకుంటూ కనిపించే గోరింక, మడగాస్కర్‌కు తూర్పున రీయూనియన్ దీవిలో జీవించి 1850ల నాటికి అంతరించిపోయిన హూపో స్టార్లింగ్ ఒకే కుటుంబపు పక్షులు. స్టర్నిడే అనే ఈ కుటుంబం గాయక పక్షుల వర్గంలోది. శ్వాసనాళం రెండు పాయలుగా చీలే చోట ఉండే సిరింక్స్ అనే స్వరయంత్రాన్ని కదిలించే కండరాలు ఈ వర్గంలో బాగా వృద్ధి చెందినందువల్లనే గోరింక ఈలలు, కిచకిచలు, గరగరలు వెంటవెంటనే పలకగలుగుతుంది.

గోరింక బలమంతా దేనికైనా సర్దుకుపోయే స్వభావంలో ఉంది. మిడత దొరికితే మిడత, మర్రిపండు దొరికితే మర్రిపండు, ఏదీ లేకపోతే హోటలు వెనక పారబోసిన అన్నం మెతుకులతో కడుపు నింపుకొని, తాటిమాను తొర్రలోనో గోడ కన్నంలోనో నాలుగైదు నీలి గుడ్లు పెట్టి, మనిషి అలికిడిని లెక్కచేయకుండా పిల్లలను పెంచుతుంది.

సుమారు 30 సెంటీమీటర్ల పొడవు, బూడిద, తెలుపు రంగుల ఈకలు, తలపై కుచ్చు, కిందికి వంగిన ముక్కు గల రీయూనియన్ పక్షిని ఆ కుచ్చును బట్టి చాలాకాలం కూకుడుగువ్వ (హూపో) జాతికి చేర్చారు. అస్థిపంజరాన్ని పరిశీలించాకే, 19వ శతాబ్దంలో, అది గోరింకల బంధువని తేలింది. 17వ శతాబ్దంలో మనుషులు వచ్చి స్థిరపడే దాకా ఆ దీవిలో వేటగాడన్న వాడు లేనందున దానికి మనిషంటే బెదురు తెలియదు. కర్రతో కొట్టినా చచ్చేదని పాత రాతలు చెబుతాయి. కాఫీ తోటల కోసం అడవి నరకడం, ఓడల్లో వచ్చిన ఎలుకలు, విచ్చలవిడి వేట దాన్ని చుట్టుముట్టాయి. బయటి పక్షులతో వచ్చిన రోగాన్ని కూడా కొందరు పరిశోధకులు అనుమానిస్తారు.

మిడతల బెడద తీర్చడానికి 1762లో భారతదేశం నుంచి గోరింకలను మారిషస్‌కు తీసుకువెళ్ళారు. అదే కాలంలో అవి రీయూనియన్‌కూ చేరాయి. అయినా అక్కడి పక్షి నాశనాన్ని గోరింక నెత్తిన రుద్దడం న్యాయం కాదు, ఎందుకంటే రెండూ దశాబ్దాల పాటు ఒకే దీవిలో బతికాయి. ఇతర దేశాల్లో మాత్రం గోరింక స్థానిక పక్షుల గూళ్ళను ఆక్రమించి హాని చేస్తున్నందున, 2000లో వెలువడిన ప్రపంచంలోని 100 హానికర ఆగంతుక జాతుల జాబితాకెక్కింది.

రెండింటి మధ్య తేడా స్వభావంలోనే కాక, నివాస విస్తీర్ణంలోనూ ఉంది: మునేటి ఒడ్డున గోరింకలు నశించినా పొరుగునున్న పాలేరు నది ఒడ్డు నుంచి తిరిగి వస్తాయి గాని, ఒక్క దీవికే పరిమితమైన జాతికి ఆ దారి లేదు. మ్యూజియంలలో ఆ జాతివి దాదాపు 19 నమూనాలు మిగిలాయి. ఫోనోగ్రాఫ్ 1877లో గాని రాలేదు కనుక దాని గొంతు ఎక్కడా నమోదు కాలేదు.