ఆకు గాదు, వేరు జూసి మొక్క కొనుండ్రి

నర్సరీకి పోతే మనం ఏం జూస్తం? ఆకు పచ్చగున్నదా, మొక్క ఏపుగున్నదా, రేటెంత? అంతే. నల్ల కవర్ల దాగున్న వేరును ఎవ్వరం జూడం. జామ తోటలను ముంచే రోగం చానాసార్లు ఆ కవర్ల మట్టిలనే మన చెల్కకు వస్తది.

దాని పేరు వేరుబుడిపె నులిపురుగు. అధికారులు నెమటోడ్ అంటరు. మిల్లీమీటరు గూడ ఉండదు, కంటికి ఆనదు. వేరు లోపల జొచ్చి రసం పీలుస్తది. ఒక్క ఆడపురుగు వందల గుడ్లు పెడ్తది. వేరు పూసలదండ లెక్క ఉబ్బుతది గని, పైకి మొదట్ల ఏం తెల్వది. తర్వాత ఆకులు పసుపు, రాగి రంగుకు తిరుగుతయి, చెట్టు గిడసబారుతది. దానికి ఎండుతెగులు తోడైతే నిలువునా ఎండుతది. రైతేమో నీళ్లు తక్కువైనయని, ఎరువు సాల్లేదని పైసలు పోస్తనే ఉంటడు.

మా మండలంల ఒకాయన ఎకరం జామ పీకేసిండు. ఆ వేర్లు నేను చేతులవట్టి చూసిన, అన్నీ బుడిపెలే. మొక్కలు కొన్న బిల్లు అడిగితే చీటీ ముక్క గూడ లేదు.

చెట్టు పీకితే పురుగు పోదు, భూమిలనే ఉంటది. జామను పట్టే జాతి టమాట, మిరప, వంకాయలను గూడ పడ్తది. అంటే పోయేది మొక్కల పైసలొక్కటే గాదు, చెల్కనే పాడైతది.

ఎట్ల గుర్తుపట్టాలె? ఎక్కువ మొక్కలు కొనేటప్పుడు అక్కడక్కడ నాలుగైదు తీసి, కవర్ కోసి, బకెట్ నీళ్లల్ల మట్టి మెల్లగ కడగాలె. ఆ నాలుగు మొక్కల పైసలిచ్చినా నష్టం లేదు. మంచి వేరు సాఫీగ ఉంటది. బుడిపెలుంటే కొనద్దు. కంది, పెసర వేర్లకు గూడ బుడిపెలుంటయి గదా అని ఎవరన్న అంటే నమ్మద్దు. అవి మేలుచేసేటియి, గోటితో గీకితే ఊడొస్తయి. జామకు అసోంటివి ఉండయి. ఇక్కడ వేరు తానే ఉబ్బుతది, గీకినా ఊడది. ఆకులు గూడ తిప్పి చూడుండ్రి, కింద పిండినల్లి, తెల్లదోమ ఉండొచ్చు.

కనిపిస్తే మనోళ్లు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపుల పెట్టి ఊకుంటరు. అది ఫిర్యాదు గాదు. మొక్క, వేరు, బిల్లు ఫొటోలు తీయుండ్రి. వేరును మట్టితో సహా కవర్ల కట్టి, తేదీ రాసి, కృషి విజ్ఞాన కేంద్రంలనో, ఉద్యాన అధికారికో చూపెట్టుండ్రి. ఫిర్యాదు కాయితం మీద రాసి, మీ కాపీ మీద స్టాంపు వేయించుకోండ్రి. కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేస్తే తెలుగులనే మాట్లాడ్తరు. రోగం మొక్కలను కాలువల పారెయ్యద్దు.

ఉమ్మడి రాష్ట్రంల 2010లనే ఉద్యాన నర్సరీల రిజిస్ట్రేషన్ చట్టం వచ్చింది. నాసి విత్తనం కొన్న రైతు వినియోగదారుడేనని, వినియోగదారుల ఫోరానికి పోవచ్చని 2012ల సుప్రీంకోర్టు మన రైతుల కేసులల్లనే చెప్పింది. అది విత్తనాల కేసు. పైసలిచ్చి కొన్న మొక్కకు గూడ అదే న్యాయం అడగాలె. అడగాలంటే చేతుల బిల్లు ఉండాలె.

నర్సరీలోళ్లంత దొంగలని నేననను. చానమందికి తమ మట్టిల పురుగున్నదని తెల్వనే తెల్వది. మీరొక్కరు చెప్తే ఆడ కొనబోయే పదిమంది బచాయిస్తరు. ఈసారి మీ ఊర్ల ఎవరన్న జామ పెడ్తమంటే వాళ్లెంబడి మీరు గూడ పోండ్రి. ఒక కత్తి, ఒక బకెట్ తీస్కపోండ్రి.