మనసు జబ్బుకి రక్తంలో ఆనవాలు దొరుకుతుందా?

షుగరు ఉందో లేదో ఒక్క రక్తపు చుక్క చెప్పేస్తుంది. థైరాయిడ్ సంగతీ అంతే. మరి నెలల తరబడి మంచం దిగని మనిషికి వచ్చింది మామూలు డిప్రెషనా, బైపోలార్ జబ్బులో వచ్చే డిప్రెషనా అని తేల్చే రక్తపరీక్ష ఉందా? "రెండూ దిగులేగా, తేడా ఏవిటి?" అనుకోకండి. తేడా మందుల దగ్గర ఉంది.

బైపోలార్ అంటే మనసు రెండు కొసల మధ్య ఊగడం. కొన్నాళ్లు పట్టలేని హుషారు. నిద్ర అక్కర్లేదు, మాట ఆగదు, చేతిలో డబ్బు నిలవదు. దీన్ని మేనియా అంటారు. కొన్నాళ్లు పూర్తిగా కుంగిపోవడం. డాక్టరు దగ్గరికి ఎక్కువగా వెళ్లేది కుంగిపోయినప్పుడే. హుషారుగా ఉన్నప్పుడు ఎవరు ఆసుపత్రికి వెళ్తారు చెప్పండి? అందుకే చాలామందికి మామూలు డిప్రెషన్ అని రాసేస్తారు. దానికిచ్చే మందు ఒక్కటే వాడితే కొందరిలో మేనియా విరుచుకుపడుతుంది.

ఆరేళ్లు పట్టింది

మా అక్కకి జరిగింది అదే. అక్కని కోనసీమలో ఇచ్చాం. ఓ దసరాకి అప్పు మీద పదకొండు చీరలు కొంది. రాత్రంతా మేలుకుని పూతరేకుల వ్యాపారం లెక్కలు వేసేది. సంక్రాంతి వచ్చేసరికి తల దువ్వుకోవడానికి కూడా ఓపిక లేదు. "గాలి సోకిందే" అన్నారు కొందరు. "అత్తగారి మీద అలక" అన్నారు ఇంకొందరు. తాయెత్తులు కట్టారు. తర్వాత చూపించిన డాక్టరు డిప్రెషన్ మాత్రలు రాశారు. మూడు వారాలకి అక్క మళ్లీ నిద్ర మానేసింది. ఈసారి ఒంటిమీది గొలుసు తీసి ఎవరికో ఇచ్చేసింది. అత్తవారు పెట్టె సర్ది పుట్టింటికి పంపేశారు.

చివరికి ఇంకో డాక్టరు మా అమ్మని ఒక్క ప్రశ్న అడిగారు: "అమ్మా, ఇలా పడుకోకముందు ఎప్పుడైనా నిద్ర లేకుండా హుషారుగా తిరిగిందా?" అమ్మ దసరా సంగతంతా చెప్పింది. జబ్బు పేరు అప్పుడు తెలిసింది. అప్పటికి ఆరేళ్లు గడిచాయి.

భీమవరం నుంచి బోస్టన్ దాకా

రక్తంలో రసాయనాలు కొలిచి జబ్బు ఆనవాలు పట్టాలన్న ఆలోచనలో మన గోదావరి మనిషి చెయ్యి కూడా ఉంది. 1895లో భీమవరంలో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు 1922లో బోస్టన్ వెళ్లారు. అక్కడ హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి, రంగు తేడాని బట్టి ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతిని 1925లో ప్రకటించారు. 1927లో కండరాల్లో ఫాస్ఫోక్రియాటిన్‌ని, 1929లో ఏటీపీని వెలికి తీశారు. మన ఒంట్లో కణాలు ఖర్చుపెట్టే శక్తికి ఏటీపీ చిల్లర డబ్బు లాంటిది. ఫాస్ఫోక్రియాటిన్ అవసరానికి ఆదుకునే నిల్వ.

ఆ ఫాస్ఫోక్రియాటిన్‌నే 1990లలో జపాన్‌లో తదాఫుమి కాటో బృందం బైపోలార్ రోగుల మెదడులో స్కానింగ్ యంత్రంతో కొలిచింది. కుంగిపోయిన వారిలో కొందరికి అది తక్కువగా కనిపించింది. మెదడు కణాల్లో శక్తి తయారీ తేడా వల్ల జబ్బు వస్తుందేమోనన్న ఆలోచన అలా బలపడింది.

2023 అక్టోబరులో కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో సబీన్ బాన్ బృందం ఇంకో అడుగు వేసింది. వేలి చివర నుంచి తీసి కాగితం మీద ఆరబెట్టిన రక్తపు చుక్కల్లో 600కు పైగా రసాయనాలు వెతికారు. డిప్రెషన్ అని చెప్పించుకున్న 241 మందిలో 67 మందికి ఉన్నది నిజానికి బైపోలార్ అని తేలింది. రెండు గుంపులకీ తేడా చూపిన వాటిలో సెరమైడ్లనే కొవ్వు పదార్థాలు ముఖ్యమైనవి. అయితే రక్తపరీక్ష ఒక్కటే గుర్తించగలిగింది బైపోలార్ రోగుల్లో 30 శాతం మందినే. ప్రశ్నావళి కూడా కలిపితే ఫలితం మెరుగైంది. అంటే ఇది డాక్టరుకి తోడే గాని, డాక్టరుకి బదులు కాదు. మన ఊళ్లో ల్యాబుకెళ్లి అడిగితే చేసే పరీక్ష కూడా కాదు.

ఇప్పుడు చేయించే పరీక్షలు

థైరాయిడ్, రక్తహీనత, బి12 పరీక్షలు చేయిస్తే దిగులుకి వేరే కారణముందేమో తెలుస్తుంది. లిథియం మాత్రలు వాడేవారికి రక్తంలో ఆ మందు ఎంతుందో చూడాలి. రాత్రి మాత్ర వేసుకున్న పన్నెండు గంటలకి రక్తం ఇవ్వాలి. సాధారణంగా లీటరుకి 0.6 నుంచి 1.0 మిల్లీమోల్ ఉండాలంటారు. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కూడా తప్పవు.

మన రోహిణి కార్తె ఎండలు తెలుసుగా! చెమట ఎక్కువ పట్టినా, విరేచనాలైనా, ఉప్పు ఒక్కసారిగా మానేసినా రక్తంలో లిథియం పెరుగుతుంది. డాక్టర్ని అడక్కుండా నొప్పుల బిళ్లలు వేసుకున్నా అంతే. చేతులు బాగా వణికినా, తూలినా, వాంతులైనా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి. ఈ జబ్బుకి వాడే వాల్‌ప్రోయేట్ అనే మందు కడుపులో బిడ్డకి హాని చేస్తుంది. పిల్లలు కావాలనుకున్నప్పుడే డాక్టరుకి చెప్పండి. సొంతంగా మాత్రం ఏ మందూ ఆపొద్దు. కాన్పయిన తర్వాతి వారాల్లో జబ్బు తిరగబెట్టే ప్రమాదం ఎక్కువ. బాలింతకి రాత్రి నిద్ర దొరికేలా ఇంట్లోవాళ్లు చూడాలి.

అక్క ఇప్పుడు మందులు వాడుతూ కుట్టుపని చేసుకుంటోంది. నిద్ర, హుషారు, దిగులు మూడూ రోజూ క్యాలెండర్ మీద గుర్తు పెడుతుంది. డాక్టరు ముందుగా అడిగేది ఆ క్యాలెండరే. మీ ఇంట్లో ఎవరైనా దిగులుతో ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు, వాళ్ల హుషారు రోజుల సంగతి కూడా మర్చిపోకుండా చెప్పండి. కాకినాడ ప్రభుత్వ సర్వజన ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది. అంతదూరం వెళ్లలేకపోతే 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. రాత్రీ పగలూ ఉచితంగా, తెలుగులోనే మాట్లాడతారు.