నంద్యాల, ఆళ్లగడ్డ వెళ్తున్నారా? ముందు ఎండ లెక్క చూసుకోండి

వేసవి సెలవులు రాగానే హైదరాబాద్, గుంటూరు వైపు నుంచి చాలా కుటుంబాలు నంద్యాల ప్రయాణం పెట్టుకుంటాయి. బంధువుల ఇంట్లో పెళ్లి ఉంటుంది, లేదంటే పిల్లలు బెలుం గుహలు చూడాలని పట్టుబడతారు. టికెట్లు తీస్తారు, బట్టలు సర్దుతారు. ఏ నెలలో వెళ్తున్నాం, మధ్యాహ్నం ఒంటిగంటకు ఎక్కడ ఉంటాం అన్న ఆలోచన మాత్రం చివర్లో వస్తుంది. నంద్యాల విషయంలో అదే మొదట రావాలి. ముసలివాళ్లు, పసిపిల్లలు వెంట ఉంటే మరీనూ.

నంద్యాల కుందూ నది ఒడ్డున ఉన్న ఊరు. ఓర్వకల్లు వైపు పుట్టిన కుందూ నంద్యాల మీదుగా దక్షిణానికి పారి, కడప జిల్లా కమలాపురం దగ్గర పెన్నాలో కలుస్తుంది. తూర్పున నల్లమల, పడమర ఎర్రమల, మధ్యలో ఈ నది లోయ. సముద్రపు గాలి ఇక్కడిదాకా రావడం కష్టం. నేల చాలా వరకు నల్లరేగడి. శనగ, జొన్న కోతలు అయిపోయాక మార్చి నుంచి పొలాలు బోడిగా ఉంటాయి, ఆ నల్లమట్టి పగలంతా ఎండను తాగుతుంది. అందుకే మే నెలలో 45 డిగ్రీలు దాటడం ఇక్కడ కొత్తేం కాదు. రాష్ట్రంలో ఆ రోజుకు అత్యధిక ఉష్ణోగ్రత నంద్యాల జిల్లాలోనే అని వార్తలు రావడమూ మామూలే.

ఇక్కడ ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి. వాతావరణ శాఖ చెప్పే ఉష్ణోగ్రత నీడలో, గాలి ఆడే పెట్టెలో ఉంచిన థర్మామీటర్‌ది. మైదాన ప్రాంతంలో ఆ లెక్కే 45కు చేరితే వడగాలులు అంటారు, 47కు చేరితే తీవ్ర వడగాలులు. బస్టాండు బయట తారు మీద, గుడి ముందు బండరాళ్ల మీద నిలబడ్డ మనిషికి తగిలే వేడి అంతకంటే ఎక్కువ. ఆగి ఉన్న కారు లోపల ఇంకా ఎక్కువ. ‘రెండు నిమిషాల్లో వచ్చేస్తాం’ అని పిల్లల్ని కారులో కూర్చోబెట్టి దిగడం ఈ ఊళ్లో అస్సలు చేయకూడని పని.

మరి ఎప్పుడు వెళ్లాలి? నవంబర్ చివరి నుంచి ఫిబ్రవరి మధ్య వరకు హాయిగా ఉంటుంది. తెల్లవారుజామున కాస్త చలి, పగలు ఓర్చుకోగలిగే ఎండ, దారికి రెండు వైపులా పచ్చటి శనగ చేలు. వానాకాలం కూడా బాగుంటుందని కొందరంటారు కానీ అందులో ఒక మెలిక ఉంది. వేసవిలో కుందూను చూసినవాళ్లు ఇదేం నది అనుకుంటారు, సెప్టెంబర్, అక్టోబర్‌లో మాత్రం దాన్ని తక్కువ అంచనా వేయకూడదు. నల్లమలలో పడ్డ వాన వాగుల్లో దిగుతుంది. పైన బనకచర్ల రెగ్యులేటర్ నుంచి వదిలే కృష్ణా నీళ్లూ ఇటే వస్తాయి. నంద్యాల దగ్గర మద్దిలేరు, చామకాలువ వచ్చి కలుస్తాయి. 2019 సెప్టెంబర్‌లో ఇలాగే వరద వచ్చి మహానంది ఆలయంలోకి నీళ్లు చేరాయి, దారులు తెగాయి. ఆ రెండు నెలల్లో వెళ్లేవాళ్లు వాన సూచన చూసుకోవాలి. కాజ్‌వే మీద నీళ్లు పారుతుంటే ‘ముందు బండి దాటింది కదా’ అని మాత్రం దిగకూడదు.

మే నెలలో తప్ప సెలవు దొరకని వాళ్ల సంగతేంటి? వాళ్లు నెలను మార్చలేరు కానీ గంటల్ని మార్చుకోవచ్చు. ఉదయం ఐదు నుంచి పది, సాయంత్రం ఐదు తర్వాత, తిరుగుడంతా ఈ లోపలే. మధ్యలో గదిలోనో, బంధువుల ఇంట్లోనో ఉండాలి. ఇక్కడి పాత ఇళ్లలో నాపరాళ్లు పరిచిన నేల మీద మధ్యాహ్నం పడుకున్నవాళ్లకు ఆ చల్లదనం విలువ తెలుసు.

మహానంది నంద్యాల నుంచి 15 కిలోమీటర్ల దూరమే, తెల్లవారేసరికి చేరుకోవచ్చు. అక్కడి కోనేట్లో ఊట నీరు కరువు రోజుల్లోనూ ఆగకుండా పారుతూ ఉంటుంది. అడుగున పడ్డ నాణెం పైకి కనిపించేంత తేట. ఆ నీళ్లతోనే చుట్టుపక్కల అరటి తోటలు పండుతాయి. మే నెలలో ఈ జిల్లాలో కళ్లకు చల్లగా కనిపించే చోట్లు కొన్నే, అందులో ఇదొకటి.

పడమటి వైపు బనగానపల్లె, యాగంటి, బెలుం గుహలు ఉన్నాయి. వాటిని ఒకే రోజులో పెట్టుకోవచ్చు. బనగానపల్లె 1948 దాకా నవాబుల సంస్థానం. ఆ ఏడాది మద్రాసు రాష్ట్రంలో కలిసింది. ఊరి బయట ఎత్తు మీద ఉన్న నవాబుల బంగళాలో 2009లో వచ్చిన ‘అరుంధతి’ సినిమా తీశాక, జనం దాన్ని అరుంధతి కోట అనే పిలుస్తున్నారు. నవాబుల పేరు పోయి సినిమా పేరు మిగిలింది! సంస్థానం పేరు ఇంకా బతికి ఉన్నది మామిడిపండులోనే. బనగానపల్లె మామిడికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. చిక్కేమిటంటే, ఆ పండు తినాలంటే ఏప్రిల్ చివర, మే నెలల్లోనే రావాలి. ఎండను భరించడానికి ఈ ఊళ్లో దొరికే ఒకే ఒక మంచి కారణం అదేనేమో.

బెలుం విషయంలో చాలామంది పొరపడతారు. గుహ కదా, లోపల చల్లగా ఉంటుందనుకుని మండే మధ్యాహ్నం తీసుకెళ్తారు. లోపల ఎండ ఉండదు, నిజమే. కానీ ఉక్కగా ఉంటుంది, చెమట ఆరదు. గాలి కోసం గొట్టాలు పెట్టారంటేనే పరిస్థితి అర్థం చేసుకోవచ్చు. మూడు కిలోమీటర్లకు పైగా పొడవున్న ఈ గుహల్లో సందర్శకులకు తెరిచింది సుమారు కిలోమీటరున్నర. మెట్లు దిగాలి, కొన్నిచోట్ల వంగి నడవాలి. ఉబ్బసం, గుండె జబ్బు ఉన్నవాళ్లు, మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లు మొదటి మలుపుల వరకు చూసి వెనక్కి రావడం మేలు. ఈ గుహల గురించి 1884లో బ్రూస్ ఫుట్ అనే బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాశారు, పర్యాటకులకు తెరిచింది మాత్రం 2002లో. సున్నపురాయిని నీళ్లు లక్షల ఏళ్లు కరిగిస్తే ఏర్పడిన సొరంగాలివి. ఉదయం పది తర్వాతే లోపలికి వదులుతారు కాబట్టి వేసవిలో పొద్దున యాగంటి, పదికల్లా బెలుం, తర్వాత నీడ, ఇలా పెట్టుకుంటే సరిపోతుంది. నంద్యాల నుంచి బెలుం 60 కిలోమీటర్లకు పైనే.

ఆళ్లగడ్డ దీనికి పూర్తిగా వేరే దిక్కు. నంద్యాల నుంచి కడప వెళ్లే 40వ నంబర్ జాతీయ రహదారి మీద దక్షిణంగా 40 కిలోమీటర్లు పైబడి ఉంటుంది. ఆళ్లగడ్డకు రైల్వే స్టేషన్ లేదు. రైల్లో వచ్చేవాళ్లు నంద్యాలలో దిగి బస్సు ఎక్కాల్సిందే. బెలుం, అహోబిలం ఒకే రోజు అని ఎవరైనా డ్రైవర్ ఒప్పుకున్నా కుటుంబంతో వెళ్లేవాళ్లు ఒప్పుకోకూడదు. ఆ రోజంతా కారులోనే గడిచిపోతుంది.

ఆళ్లగడ్డలో చూడాల్సింది శిల్పుల పని. రోడ్డు పక్క షెడ్లలో రాతిని చెక్కుతూ కనిపిస్తారు, ఇక్కడి విగ్రహాలు దూర ప్రాంతాలకు వెళ్తాయి. ఉలి చప్పుడు పొద్దున్నే మొదలవుతుంది. ఎండలో రాతి ముందు కూర్చుని పని చేసే ఆ మనుషులకు మధ్యాహ్నం నీడలోకి వెళ్లే వెసులుబాటు అందరికీ ఉండదు, అది వేరే కథ. ఆళ్లగడ్డ నుంచి నల్లమల అంచున ఉన్న అహోబిలం సుమారు పాతిక కిలోమీటర్లు. ఎగువ అహోబిలం దాటాక దారి అడవిలో రాళ్ల మీద, వాగుల వెంట. ఉగ్రస్తంభం ఎక్కాలనుకునేవాళ్లు ముందురోజు రాత్రే దిగువ అహోబిలంలో దిగి, తెల్లవారగానే బయల్దేరాలి. వేసవిలో ఆ ఎక్కుడు మానుకోవడమే మంచిది.

మ్యాపులో చూసి మోసపోయే చోటు ఇంకొకటి శ్రీశైలం. 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన నంద్యాల జిల్లాలోనే ఉంది కాబట్టి పక్కనే అనుకుంటారు. మధ్యలో నల్లమల అడ్డం, చుట్టూ తిరిగి పోవాలి. పైగా పులుల అభయారణ్యం గుండా వెళ్లే ఆ దారిలో రాత్రిపూట వాహనాలను ఆపేస్తారు. దానికి వేరే ప్రయాణం పెట్టుకోవాలి.

గుంటూరు వైపు నుంచి వచ్చేవాళ్లకు పగటి రైలు దొరికితే వదులుకోకూడదు. గిద్దలూరు దాటాక దిగువమెట్ట నుంచి గాజులపల్లె దాకా రైలు నల్లమల అడవిలోంచే వస్తుంది, బొగద సొరంగం కూడా ఆ దారిలోనే. తిండికి ఇబ్బంది లేదు. నంద్యాలలో ముస్లిం జనాభా పెద్దది, హలాల్ హోటల్ కోసం వెతుక్కోవాల్సిన పని ఉండదు. పొద్దున టిఫిన్‌కు ఉగ్గాని, బజ్జీ అడగండి. ఎండరోజుల్లో మాత్రం బిర్యానీని రాత్రికి మార్చుకుని మధ్యాహ్నం మజ్జిగన్నంతో సరిపెట్టుకుంటే కడుపు తేలిగ్గా ఉంటుంది.

సంచిలో ఓఆర్ఎస్ ప్యాకెట్లు, గొడుగు, తడి తువ్వాలు ఉండాలి. ఎవరికైనా తల తిరగడం, వాంతి, కాళ్లు లాగడం మొదలైతే అక్కడితో తిరుగుడు ఆపి నీడకు చేర్చాలి, కొంచెం కొంచెంగా ఓఆర్ఎస్ తాగించాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడినా, పొంతన లేకుండా మాట్లాడినా, స్పృహ తప్పినా అది వడదెబ్బ. ప్రాణం మీదికి వచ్చినట్టే. వెంటనే 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేలోపు బట్టలు వదులు చేసి, ఒంటి నిండా నీళ్లు పోసి విసురుతూ ఉండాలి. స్పృహలో లేని మనిషి నోట్లో నీళ్లు పోయకూడదు. చెమట పడుతోంది కదా, వడదెబ్బ కాదులే అని ఊరుకోవడమూ పొరపాటే, ఎండలో నడిచి పడిపోయినవాళ్లకు చెమట పడుతూనే వడదెబ్బ తగలొచ్చు.