గుర్తుకు బ్లాక్, కొలతకు గీత: గని ప్లాన్ నేర్పే క్యాడ్ పాఠం

గోదావరిఖనిలో ‘బ్లాక్’ అంటే ఎవరికైనా ముందు గుర్తొచ్చేది బొగ్గు బ్లాకే. చాయ్ హోటల్ దగ్గర కూడా దాని ముచ్చటే నడుస్తుంది. కానీ ఇదే ఊళ్లో క్యాడ్ నేర్చుకుంటున్న ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లల నోట ఆ మాటకు ఇంకో అర్థం ఉంది. కంప్యూటర్ మీద గీసిన కొన్ని గీతల్ని ఒక్కటిగా కట్టి, పేరు పెట్టి, కావాల్సినన్ని సార్లు వాడుకోవడమే వాళ్ల బ్లాక్. ఈ చిన్న పనిని గని ప్లాన్‌లో ఎక్కడ వాడాలి, ఎక్కడ వాడకూడదు అన్నది మాత్రం చిన్న విషయం కాదు.

ముగ్గు అచ్చు లాంటిదే, కానీ...

ఆటోక్యాడ్‌లో పంపు గుర్తు ఒకటి గీశారనుకోండి. ఒక వృత్తం, రెండు గీతలు, పక్కన ఒక నంబరు. మన కంటికి అది ఒక పంపు. కంప్యూటర్‌కు మాత్రం నాలుగు వేర్వేరు ముక్కలు. జరపబోతే వృత్తం ఒక దిక్కు పోతుంది, గీతలు ఉన్నచోటే ఉండిపోతాయి. ఆ నాలుగింటినీ కలిపి ఉంచడానికి రెండు దారులున్నాయి.

ఒకటి గ్రూప్. ఇది రబ్బరు బ్యాండు వేసిన కట్ట లాంటిది. అన్నీ కలిసి జరుగుతాయి, అంతే. దానికి కాపీ తీస్తే అది వేరే కట్ట. ఒకదాన్ని మారిస్తే రెండోది మారదు.

రెండోది బ్లాక్. ఇది ముగ్గు అచ్చు లాంటిది. అసలు బొమ్మ ఒకచోట ఉంటుంది, ప్లాన్‌లో ఎన్నిచోట్ల కావాలంటే అన్నిచోట్ల దాన్ని దించుకోవచ్చు. అయితే వాకిట్లో పడిన ముగ్గు, తర్వాత అచ్చు మార్చినా మారదు. బ్లాక్ మారుతుంది. అసలు బొమ్మను ఒక్కసారి దిద్దితే, ప్లాన్‌లో ఉన్న 300 చోట్లా అదే దిద్దుబాటు పడుతుంది. ఫైల్ బరువు కూడా తగ్గుతుంది. 300 బొమ్మల గీతల్ని దాచుకునే బదులు ఒక బొమ్మను, 300 స్థానాలను గుర్తుపెట్టుకుంటే చాలు.

ఈ ఆలోచన ఆటోక్యాడ్ కంటే పాతది. అమెరికాలోని ఎంఐటీలో ఇవాన్ సదర్లాండ్ 1963లో తన పరిశోధన కోసం చేసిన ‘స్కెచ్‌ప్యాడ్’లోనే అసలు బొమ్మ, దాని ప్రతులు అన్న పద్ధతి ఉంది. అసలు దిద్దితే ప్రతులన్నీ మారేవి. ఆటోక్యాడ్ 1982లో వచ్చింది.

గనిలో గుర్తుకు చట్టం ఉంది

బొగ్గు గని ప్లాన్‌లో ఎవరికి తోచిన గుర్తు వాళ్లు వేయడానికి లేదు. బొగ్గు గనుల నిబంధనల్లోనే గుర్తుల పట్టిక ఉంది. సర్వే స్టేషన్, బోర్‌హోల్, గాలి వెళ్లే దిక్కు, స్టాపింగ్, ఫ్యాన్... ఒక్కోదాన్ని ఎట్లా చూపాలో అందరికీ ఒకే లెక్క. ట్రేసింగ్ గుడ్డ మీద ఇంకు పెన్నుతో గీసిన రోజుల్లో డ్రాఫ్ట్స్‌మన్లు వీటన్నిటినీ ఒక్కొక్కటిగా చేత్తో వేసేవాళ్లు. కాబట్టి కంప్యూటర్‌లో బ్లాక్ చేయాల్సినవి ముందుగా ఇవే.

చేసేటప్పుడు మూడు సంగతులు చూసుకోవాలి.

మొదటిది పట్టు బిందువు, అంటే బేస్ పాయింట్. బ్లాక్‌ను ఏ బిందువు దగ్గర పట్టుకుని దించుతున్నామో అది. బోర్‌హోల్ గుర్తుకు ఇది వృత్తం నడిమధ్యలో ఉండాలి. అంచు మీద పెడితే ప్లాన్‌లోని ప్రతి బోర్‌హోలూ అంత మేర పక్కకు జరిగినట్టే.

రెండోది సైజు. క్యాడ్‌లో గనిని అసలు కొలతలతోనే గీస్తాం. 1:2000 స్కేలులో ప్రింటు తీస్తే కాగితం మీద 1 మిల్లీమీటరు, నేల మీద 2 మీటర్లు. కాగితం మీద 4 మిల్లీమీటర్లు కనపడాల్సిన గుర్తును ఫైల్‌లో 8 మీటర్లుగా దించాలి. మిల్లీమీటర్లలో గీసిన బ్లాక్‌ను మీటర్ల ఫైల్‌లోకి తెచ్చేటప్పుడు యూనిట్లు సరిచూసుకోకపోతే అది వెయ్యి రెట్లు పెద్దదై స్క్రీన్ అంతా కమ్మేస్తుంది.

మూడోది లేయర్. గుర్తును ‘0’ లేయర్ మీద, రంగు మార్చకుండా గీసి బ్లాక్ చేస్తే, ఏ లేయర్‌లో దించితే ఆ లేయర్ రంగే తీసుకుంటుంది. నీటి పైపుల లేయర్ ఆపేస్తే అందులో దించిన పంపులూ కనపడవు.

ఇంకో సుఖం ఉంది. బ్లాక్‌కు వివరాలు తగిలించవచ్చు. పంపు నంబరు, హార్స్‌పవర్, బిగించిన తేదీ... ఇవన్నీ గుర్తుతోపాటే ఉంటాయి. కావాలనుకున్నప్పుడు ప్లాన్‌లో ఉన్న పంపులన్నిటి పట్టికను బయటికి తీసుకోవచ్చు. కానీ ‘ఎక్స్‌ప్లోడ్’ కమాండ్‌తో జాగ్రత్త. బాయిలో బ్లాస్టింగ్ లాగే ఇదీ ముక్కలు చేస్తుంది. గుర్తు గీతలై విడిపోతుంది, మీరు రాసుకున్న వివరాలు పోయి ఖాళీ పేర్లు మిగులుతాయి.

కొలతను అచ్చు పోయొద్దు

అసలు జాగ్రత్త ఇక్కడుంది. బోర్డ్ అండ్ పిల్లర్ పద్ధతిలో తవ్విన గని ప్లాన్ చూస్తే గడుల కాగితం లాగే ఉంటుంది. వరుసగా పిల్లర్లు, మధ్యలో గ్యాలరీలు. ఒక పిల్లర్ గీసి, బ్లాక్ చేసి, వరుసగా దించుకుంటూ పోతే గంటల పని నిమిషాల్లో అయిపోతుందని ఎవరికైనా అనిపిస్తుంది. తవ్వబోయే గనికి డిజైన్ గీసేటప్పుడు అట్లా చేయవచ్చు. తవ్విన గనికి మాత్రం వద్దు. నిజంగా తవ్విన గ్యాలరీ ఒకచోట వెడల్పవుతుంది, ఇంకోచోట వంకర పోతుంది, రాతి పగులు అడ్డొస్తే ఆగిపోతుంది. సర్వేయర్ లోపలికి దిగి కొలిచేది ఆ వంకరనే. బ్లాక్ దించితే ప్లాన్ అందంగా వస్తుంది గానీ, నిజం పోతుంది.

పోతే ఏమవుతుంది? నీళ్లు నిండిన పాత పనులు ఎక్కడివరకు ఉన్నాయో తెలియకుండా పోతుంది. ఆ నీళ్లు నిజంగా లేవని తేలనంతవరకు, వదిలేసిన పాత పనులకు 60 మీటర్ల లోపు తవ్వాలంటే గనుల భద్రతా డైరెక్టరేట్ అనుమతి ముందే కావాలి. 1:2000 ప్లాన్ మీద ఆ 60 మీటర్లంటే 3 సెంటీమీటర్లే. అక్కడ అర సెంటీమీటరు తప్పు, లోపల 10 మీటర్ల తప్పు.

2002 జులైలో అమెరికాలోని పెన్సిల్వేనియాలో క్యూక్రీక్ గనిలో జరిగిందిదే. పక్కనున్న పాత గనిని చివరిదాకా ఎంతవరకు తవ్వారో వాళ్ల దగ్గరున్న మ్యాపులో లేదు. తవ్వుకుంటూ పోయి నీళ్లలోకి తెరిచారు. తొమ్మిది మంది లోపల చిక్కుకున్నారు. మూడు రోజులకు పైగా పోరాడి, అందరినీ ప్రాణాలతో పైకి తెచ్చారు.

అంత అదృష్టం అందరికీ ఉండదు. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ దగ్గర చాస్‌నాలా గనిలోకి నీళ్లు దూకి 375 మంది పోయారు. మన గోదావరిఖనిలో 2003 జూన్ 16న 7ఎల్‌ఈపీ గనిలోకి నీళ్లొచ్చి 17 మంది కార్మికులు చనిపోయారు. ఒక్కో ప్రమాదానికి ఒక్కో కారణం ఉంటుంది. అన్నిటినీ ప్లాన్ మీదికి తోయలేం. కానీ నీళ్లెక్కడున్నాయో బాయిలో దిగే మనిషి ముందుగా తెలుసుకోవాలంటే ప్లాన్ తప్ప వేరే కన్ను లేదు. ఒకప్పటి భూగర్భ గనుల పక్కన, వాటి మీద కూడా ఓపెన్‌కాస్టులు వస్తున్న ఈ బెల్టులో పాత ప్లాన్ల విలువ ఇంకా ఎక్కువ.

నేర్చుకునే పిల్లలకు

పాత కాగితం ప్లాన్లను స్కాన్ చేసి కంప్యూటర్‌లోకి ఎక్కించే పని మీకు వస్తే, గీసే ప్రతిదాన్నీ ఒక మాట అడగండి: ఇది గుర్తా, కొలతా? పంపు, ఫ్యాన్, స్టాపింగ్, ఉత్తరం బాణం గుర్తులు. వీటిని నిశ్చింతగా బ్లాక్ చేసుకోండి. గ్యాలరీ అంచు, గోఫ్ హద్దు, రెండు గనుల మధ్య వదిలిన బ్యారియర్ కొలతలు. వీటిని కొలతల పుస్తకంలో ఉన్నట్టే, బిందువు తర్వాత బిందువుగా గీయండి. కాగితం సాగుతుంది, ముడుచుకుంటుంది. అందుకే స్కాన్ చేసిన బొమ్మను ప్లాన్ మీది గ్రిడ్ గీతలతో సరిచూసుకున్నాకే గీత మొదలుపెట్టాలి.

పని అయ్యాక ఒక ప్రింటు తీసి, పాత పనుల నుంచి కొత్త గ్యాలరీ దాకా స్కేలు పెట్టి కొలవండి. ఫైల్ చెప్పే దూరం, స్కేలు చెప్పే దూరం, పుస్తకంలో ఉన్న దూరం మూడూ ఒకటి కావాలి. ఆ ప్లాన్ సరైనదేనని కింద సంతకం పెట్టేది సాఫ్ట్‌వేర్ కాదు, డైరెక్టరేట్ పరీక్ష పాసై సర్టిఫికెట్ తెచ్చుకున్న సర్వేయర్. మొదటి షిఫ్టుకు దిగే కార్మికుడు ఆ సంతకాన్ని నమ్ముకునే దిగుతున్నాడు.