సైకిలు భాగాలు – వాటి పనులు

లక్ష్యాలు

ఈ పాఠాన్ని చదివిన తరువాత మీరు:
• సైకిలులోని ముఖ్య భాగాల పేర్లను, పనులను వివరించగలుగుతారు.
• లోపం కనిపించినప్పుడు అది ఏ భాగానిదో గుర్తించగలుగుతారు.

1. పరిచయం

అనంతపురం పీఠభూమి వర్షచ్ఛాయా ప్రాంతం. ఇక్కడ సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు. బస్సు రాని పల్లెల్లో బడికి వెళ్ళాలన్నా, చేనుకు వెళ్ళాలన్నా, దూరం నుంచి నీళ్ళు తేవాలన్నా చాలామందికి సైకిలే ఆధారం. అది దారిలో ఆగిపోతే ఆ రోజు పని ఆగినట్టే. ఏ భాగం చెడిందో మీకు తెలియకపోతే, చిన్న రబ్బరు ముక్కతో పోయే దానికి కొత్త ట్యూబు కొనవలసి రావచ్చు.

పేర్లను బట్టీ పట్టకండి. ప్రతి భాగం చేసే పనిని గమనిస్తే పేరు దానంతటదే గుర్తుంటుంది.

2. కాలి బలం నేలను చేరే దారి

మీరు పెడల్ తొక్కినప్పుడు దానికి బిగించిన క్రాంకు తిరుగుతుంది. క్రాంకుతోపాటు కుడివైపునున్న పెద్ద పళ్ళ చక్రం, అంటే చైన్‌వీల్, తిరుగుతుంది. అది చైనును లాగుతుంది. చైను వెనుక చక్రానికున్న ఫ్రీవీల్‌ను తిప్పుతుంది.

చైన్‌వీల్‌కు 44 పళ్ళు, ఫ్రీవీల్‌కు 18 పళ్ళు ఉన్నాయనుకుందాం. పెడల్ ఒకసారి తిరిగితే వెనుక చక్రం సుమారు 2.44 సార్లు తిరుగుతుంది. చక్రం చుట్టుకొలత 2.2 మీటర్లయితే ఒక్క తొక్కుడు చుట్టుకు సైకిలు దాదాపు 5.4 మీటర్లు సాగుతుంది.

ఫ్రీవీల్ లోపల చిన్న కొక్కేలు ఉంటాయి. ముందుకు తొక్కినప్పుడు అవి పట్టుకుంటాయి. తొక్కడం ఆపితే జారుతూ టకటకమంటాయి. అందుకే పల్లంలో కాళ్ళు కదపకుండా పోగలుగుతాం. చైను సరిగ్గా ఉండి, పెడల్ తిరుగుతున్నా చక్రం కదలకపోతే మొదట ఫ్రీవీల్‌ను అనుమానించాలి.

3. భారం మోసే భాగాలు

చక్రం నడుమ హబ్, అంచున రిమ్ము, ఈ రెంటినీ కలుపుతూ పుల్లలు (స్పోకులు) ఉంటాయి. పుల్లలు స్తంభాల్లా నిలబడి బరువు మోయవు. అవన్నీ రిమ్మును హబ్ వైపు బిగించి లాగుతుంటాయి. ఆ బిగువే చక్రానికి బలం. పాత తరహా సైకిళ్ళలో ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 పుల్లలుండేవి. కారణం, మనిషి బరువు, క్యారియరు బరువు ఎక్కువగా వెనుకే పడతాయి. 15 లీటర్ల బిందెలు రెండు కట్టినా నీళ్ళ బరువే 30 కిలోలు. పుల్లలు వదులైతే రిమ్ము పక్కలకు ఊగి బ్రేకు రబ్బరుకు రాసుకుంటుంది.

హబ్‌లో ఇరుసు చుట్టూ ఉక్కు గోళీలుంటాయి. దుమ్ము చేరి గ్రీజు ఎండితే చక్రం గరగరమంటుంది.

4. గాలిని నిలిపే భాగాలు

గాలి ట్యూబులో ఉంటుంది. టైరు దానికి కవచం. వాల్వు గాలిని లోనికి పోనిచ్చి బయటికి రానివ్వదు. మామూలు సైకిలు వాల్వులో ఈ పని చేసేది సన్నని రబ్బరు గొట్టం, దీన్నే వాల్వు ట్యూబు అంటారు. ఎండకు అది పగులుతుంది.

గాలి దిగిపోతుంటే ఈ క్రమం పాటించండి:
1. గాలి కొట్టి వాల్వు మీద నీటి చుక్క వేయండి. బుడగ వస్తే వాల్వు ట్యూబు మారిస్తే సరిపోతుంది.
2. బుడగ రాకపోతే ట్యూబును నీటిలో ముంచి రంధ్రాన్ని గుర్తించండి.
3. ప్యాచీ వేసిన తరువాత టైరు లోపలి వైపు వేలితో నెమ్మదిగా తడమండి.

మూడవ మెట్టును మరవకండి. పల్లేరు కాయ ఎలా పడినా ఒక ముల్లు పైకే ఉంటుంది. అది టైరులో విరిగి మిగిలితే, ప్యాచీ వేసిన ట్యూబుకు మళ్ళీ రంధ్రం పడుతుంది.

5. సారాంశం

సైకిలులో కొన్ని భాగాలు బలాన్ని చేరవేస్తాయి, కొన్ని భారాన్ని మోస్తాయి, కొన్ని గాలిని నిలుపుతాయి. లోపం ఈ మూడింటిలో ఏ పనిలో వచ్చిందో తెలుసుకుంటే, చెడిన భాగాన్ని పేరు పెట్టి అడగగలుగుతారు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. ఫ్రీవీల్ చేసే పని ఏమిటి?
2. వెనుక చక్రానికి పుల్లలు ఎక్కువగా ఎందుకు ఉండేవి?
3. మీ సైకిలు చైన్‌వీల్, ఫ్రీవీల్ పళ్ళను లెక్కించి, పెడల్ ఒక చుట్టుకు ఎంత దూరం సాగుతుందో కనుక్కోండి.