త్రాగునీటి జలాశయములు - విహారములు

సెలవుదినములలో నీటియొడ్డున నాలుగు గడియలు గడపవలెనని కోరుట మానవసహజము. కడపజిల్లావంటి మెట్టసీమలో నీ కోరిక మఱింత బలీయము. పెండ్లిమర్రి ప్రాంతమువారు శివరాత్రికి పొలతల కేగుదురు. తక్కిన దినములలో గండికోట, మైలవరము, పార్నపల్లె జలాశయములను జూడబోవుదురు. పార్నపల్లెకడ చిత్రావతి జలాశయమున విహారపు పడవలకు 2022వ సంవత్సరమున రేవు నేర్పఱచిరి. సంతోషమే. కాని యా నీరే పులివెందుల వారు త్రాగునీరు. త్రాగుటకు నింపియుంచిన కడవలో నాడుకొనవచ్చునా యను ప్రశ్న యిచటనే పుట్టుచున్నది.

విహారమును బూర్తిగ నిషేధింపవలెనని కొందఱందురు. నీటిని శుద్ధిచేసియే గదా యిచ్చుచున్నారు, భయమేల యని మఱికొంద ఱందురు. ఈ రెండుమాటలలో నేది నిజమో హైదరాబాదు చరిత్రము చెప్పగలదు.

1908 సెప్టెంబరులో మూసీనది పొంగి యా నగరమును ముంచివైచినది. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాలను బట్టి వరదల నరికట్టుటకును, మంచినీటికిని, మూసీపై ఉస్మాన్ సాగరమును 1920లోను, ఈసీపై హిమాయత్ సాగరమును 1927లోను గట్టిరి. గండిపేట నీరన్నచో మంచినీటికి మాఱుపేరయ్యెను. జనులు దశాబ్దములుగా గండిపేట కట్టపై విహరించుచునే యున్నారు. అందువలన నీరు చెడలేదు. హుస్సేన్ సాగరమును నొకప్పుడు త్రాగునీటిచెఱువే. దానిని జెఱచినది పడవలు గావు. మురుగుకాలువలును, కర్మాగారముల వ్యర్థజలములును.

ఈ భేదమును గ్రహించియే 1996 మార్చిలో ప్రభుత్వము 111వ సంఖ్యగల యుత్తరువు గావించి, జంటజలాశయములకు పది కిలోమీటర్ల పరిధిలో, 84 గ్రామములలో, కర్మాగారములను, పెద్దహోటళ్లను, నివాసపు కాలనీలను నిషేధించినది. ఒక నూనె కర్మాగారమున కీ నిషేధమునుండి మినహాయింపు కూడదని సుప్రీముకోర్టు 2000వ సంవత్సరమున దీర్పు చెప్పినది. కాని తమ భూములకు వెల రాకపోయెనని యా గ్రామముల రైతులు మొఱపెట్టుకొనిరి. మురుగు జలాశయములఁ జేరకుండవలెనను షరతులతో నా యాంక్షలను దొలగించుచు 2022 ఏప్రిల్‌లో మఱొక యుత్తరువు వెలువడినది. రైతుల మొఱలో న్యాయము లేకపోలేదు. నగరము నీరు త్రాగుటకై పల్లె తన భూమిని బందీచేసికొన్నప్పుడు నగరమే పరిహార మీయవలదా? అది యీయక నిషేధమును మాత్రము నిలుపబోయిన నెట్లు నిలుచును?

న్యూయార్కు నగర మీ చిక్కును మఱొకరీతి బరిష్కరించుకొన్నది. క్యాట్‌స్కిల్ కొండలలోని తన జలాశయములలో ననుమతిపత్రము గలవారిని చేపలు పట్టనిచ్చుచున్నది. పడవలను ఆవిరితో శుద్ధిచేయించినగాని నీట దింపనీయదు. ఈతను మాత్రము నిషేధించినది. పరివాహప్రాంతమున భూములను గొనుచు, నచటి రైతులకు ధనసహాయము చేయుచున్నది. నీటిని తరువాత శుద్ధిచేయుటకన్న ముందే చెడకుండ జూచుకొనుట చవుకయని యా నగరము లెక్కవేసికొన్నది.

మన జలాశయములకు నిదియే మార్గము. తెడ్లతో నడపు పడవలుండవచ్చును. నూనె చిందించు యంత్రపు పడవలు కూడవు. నీరు తోడుచోట స్నానములును, బట్టలుతుకుటయు మానిపింపవలెను. యాత్రికులకు మరుగుదొడ్లు గట్టి, మురుగును జలాశయమునకు దూరముగ దరలింపవలెను. నీటిపరీక్షల ఫలితములను బంచాయతి కార్యాలయములలో నెల్లరకు దెలియునట్లు ప్రకటింపవలెను.

అన్నిటికన్న ముఖ్యమైన దొకటి గలదు. విహారము వెంట వసతిగృహములును, వానివెంట నిండ్లస్థలముల బేరములును వచ్చును. జలాశయపు గట్టున భూమిగలవారి కీ బేరము లాభముగ దోచవచ్చును. ఎకరము నమ్మినవాని ధనము కొన్నియేండ్లకు వ్యయమగును. చెడిన నీటిని మాత్రము వాని మనుమలు త్రాగవలసియుండును. పొలములో జల్లు పురుగుమందు సైతము వాననీటితో జలాశయమునే చేరును. కావున గట్టుపై నానందింపుడు. కాని గట్టును గాపాడు భారము గూడ మనదేయని మఱవకుడు.